మన ఊళ్ళో ఫ్యాక్టరీ, వాళ్ళ ఊళ్ళో డ్రాయింగు

సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగి బెంగుళూరు వస్తున్నాను. బస్సు పెనుకొండ దగ్గరికొచ్చేసరికి పక్క సీట్లో పెద్దాయన నా మోచెయ్యి కుదిపి మరీ కిటికీలోంచి చూపించాడు. "అదో... కియా!" తిరుపతి బస్సులో కొండ కనపడగానే గోవింద కొట్టే గొంతు అది. నేనూ భక్తిగా తలూపాను. మాది ధర్మవరం పక్కన ఓ పల్లెటూరు. ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. చిన్నప్పుడు అక్కడ ఎర్ర నేల, వాన పడిన ఏడు శనక్కాయ చేలు, పడని ఏడు కంపచెట్లు. ఇప్పుడు పొడుగాటి షెడ్లు, కంటెయినర్ లారీలు, కొరియా అక్షరాలతో హోటలు బోర్డులు. అనంతపురం జిల్లా వాడెవడికైనా అది చూస్తే ఛాతీ ఉబ్బుతుంది. నాకూ ఉబ్బింది, దాచుకోను.

కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయేది వింటే మా ఊళ్ళో నన్ను తంతారని నాకు తెలుసు. అయినా చెప్తాను.

ముందు జరిగింది గుర్తు చేసుకుందాం. 2017 ఏప్రిల్ లో కియా, రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. తాగడానికి ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే జిల్లాలో గొల్లపల్లి రిజర్వాయరు నుంచి ఫ్యాక్టరీకి నీళ్ళిచ్చాం. భూమి చదును చేసిచ్చాం. పన్నుల్లో రాయితీలిచ్చాం. ఇవ్వకూడదని నేననడం లేదు. ఇచ్చినదానికి ఏం అడిగాం అన్నదే నా బాధ.

రెండు పార్టీల వాళ్ళు మాత్రం కియాని తెచ్చింది మేమంటే మేమని అసెంబ్లీ దాకా వెళ్ళి కొట్టుకున్నారు. ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఎవరి ఉత్తరానికి ఎవరు జవాబు రాశారు... 2020 ఫిబ్రవరిలో కియా తమిళనాడుకి వెళ్ళిపోవచ్చని రాయిటర్స్ ఒక వార్త రాసింది. కంపెనీ అదేం లేదంది. ఈలోగానే రాష్ట్రం సగం నిద్ర మానేసింది. పెళ్ళికొడుకు అలిగాడేమోనని పెళ్ళివారింట్లో ఉండే కంగారు చూశారా, అదే.

ఈ కంగారు మనకి కొత్తది కాదు. 2005 లో విశాఖకి ఫోక్స్‌వాగన్ వస్తోందని ఇలాగే ఊగిపోయాం. నాకప్పుడు ఏడేళ్ళు. మా నాయన పేపరు చదివి వినిపించడం లీలగా గుర్తు. వశిష్ఠ వాహన్ అనే ఒక కంపెనీ ఖాతాలోకి రాష్ట్ర ప్రభుత్వం సుమారు 11 కోట్ల రూపాయలు జమ చేసింది. ఆ వశిష్ఠుడికీ ఫోక్స్‌వాగన్ కీ చుట్టరికం లేదని తర్వాత తేలింది. సి.బి.ఐ. కేసయింది. ఫోక్స్‌వాగన్ తాపీగా పుణె పక్కన చాకన్ వెళ్ళి, 2009 లో అక్కడ ఫ్యాక్టరీ తెరిచింది. ఎవడు అసలు పెళ్ళికొడుకో కూడా చూసుకోకుండా కట్నం ఇచ్చేసిన రాష్ట్రం మనది. సరే, పోయిన డబ్బు సంగతి పోనివ్వండి. ఆ ఆత్రం మాత్రం ఇంకా పోలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇన్నేళ్ళలో, ఇన్ని ఒప్పందాల్లో, ఇన్ని రిబ్బను కత్తిరింపుల్లో ఒక్క ప్రశ్న నేనెక్కడా వినలేదు. డ్రాయింగు ఎవరిది?

డ్రాయింగంటే కాగితం కాదండీ. ఏ ముక్క ఎంత మందం ఉండాలి, ఏ ఉక్కుతో చెయ్యాలి, ఎంత వేడికి ఎలా ప్రవర్తించాలి, మార్చాలంటే ఎవరు సంతకం పెట్టాలి - ఇదంతా కలిపి డ్రాయింగు. మన భాషలో చెప్పాలంటే స్పెక్కు. రిపాజిటరీలో ఎవడైనా కోడు చూడొచ్చు, కానీ మార్పుని ఆమోదించే హక్కు ఎవరికుందో వాడిదే ప్రాజెక్టు. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ తింటున్న తిండే.

నా తిండి సంగతే చెప్తాను. కార్లో డ్రైవరు పక్కన తెర ఉంటుంది చూశారా, పాటలు, మ్యాపు, వెనక కెమెరా అన్నీ కనపడేది, నేను దాని వెనక సాఫ్ట్‌వేరు రాస్తాను. చేయించుకునేది ఓ విదేశీ కార్ల కంపెనీ. పేరు చెప్పను, ఇంటి అద్దె కట్టుకోవాలి. ఆ తెర బాగా వేడెక్కితే పాడవకుండా వెలుతురు తగ్గించుకోవాలి. ఎంత వేడికి ఎంత తగ్గాలన్నది ఒక పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక రాసినవాళ్ళు చలిదేశంలో కూర్చుని రాశారు. మే నెలలో మేం ఒక కారుని మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలు నిలబెట్టి స్టార్ట్ చేశాం. తెర దాదాపు నల్లగా వచ్చింది. రివర్సు గేరు వేస్తే వెనక కెమెరాలో ఏముందో కనపడదు. పిల్లాడుంటే? ఆ కెమెరా పెట్టిందే అందుకు కదా!

తెర తయారుచేసినవాళ్ళ డేటాషీటు తీసి చూశాం. అది ఇంకా ఎక్కువ వేడి తట్టుకోగలదు. అంటే మార్చాల్సింది పట్టికలో రెండంకెలు. పరీక్షలతో సహా రెండు రోజుల పని. పద్ధతి ప్రకారం మార్పు కోసం అర్జీ పెట్టాం, ఫోటోలు జతచేశాం, కొలతలు జతచేశాం. నాలుగు నెలలకి జవాబొచ్చింది. "ప్రస్తుత స్పెక్ ప్రకారమే పనిచేస్తోంది. కాబట్టి ఇది లోపం కాదు."

నవ్వకండి. మీరందరూ ఎవరో ఒకరికి ఇదే జవాబు రాసే ఉంటారు, నేనూ రాశాను. కానీ సంగతి గమనించండి. మా టీములో నలభై మంది ఇంజనీర్లం. ఆ కోడు మొత్తం మా చేతుల్లో ఉంది. ఈ దేశంలో ఎండ ఎలా ఉంటుందో మాకు తెలుసు, అవతలివాళ్ళకి తెలీదు. అయినా ఆ రెండంకెలు మార్చే హక్కు నలభై మందిలో ఒక్కడికీ లేదు. మా ఆఫీసు గోడ మీద మాత్రం "ఇన్నొవేషన్" అని నిలువెత్తు అక్షరాలున్నాయి.

ఇది ఏసీ గదిలో కూర్చునే వాడి గోడు. మా చిన్నాయన కొడుకు సంగతి వినండి. పాలిటెక్నిక్ లో మెకానికల్ డిప్లొమా చేశాడు. నాలుగేళ్ళుగా ఒక విడిభాగాల కంపెనీలో పని, ఎక్కడన్నది అనవసరం. కంపెనీ రోల్స్ లో కాదు, కాంట్రాక్టరు కింద. పదకొండు నెలలకొకసారి కాగితం మారుతుంది. పండగరోజు మిద్దె మీద కూర్చున్నప్పుడు అడిగాను.

"నాలుగేండ్లయింది కదరా, ఏం నేర్చుకున్నావ్?"

"మూడు బోల్టులు న్నా."

ఎగతాళి అనుకున్నాను. కాదు. టార్క్ గన్ను పైనుంచి వేలాడుతూ ఉంటుందట. వీడు మూడు బోల్టులు పెట్టి గన్ను ఆనించాలి. ఎంత బిగించాలో గన్నుకే తెలుసు. పచ్చలైటొస్తే వదిలెయ్యాలి, ఎర్రలైటొస్తే సూపర్వైజర్ని పిలవాలి. ఎందుకంతే బిగించాలి, ఎక్కువైతే ఏమవుతుంది అని అడిగితే "అవన్నీ మనకు చెప్పరు న్నా" అన్నాడు. వాడు పదో తరగతిలో మా ఊరి బోరు మోటారు మొత్తం విప్పి బాగుచేసిన పిల్లోడు.

ఇక్కడ ఆగి ఓ సంగతి ఒప్పుకోవాలి. వాడికి నెలనెలా జీతం వస్తోంది. చిన్నాయన అప్పు తీరింది. ఇది చిన్న విషయమని నేనంటే నా అంత పొగరుబోతు ఉండడు. ఫ్యాక్టరీ వల్ల జిల్లాలో వలస ఎంతోకొంత ఆగింది. "ఉద్యోగాలొచ్చాయి కదా, ఇంకేం కావాలి నీకు?" అని మీరడిగితే నా జవాబు ఒకటే. ఇదే ప్రశ్న యాభై ఏళ్ళ క్రితం కొరియా వాళ్ళు వేసుకుని, వచ్చిన ఉద్యోగాలతో సంతోషపడి ఊరుకుని ఉంటే ఇవాళ పెనుకొండలో కియా ఉండేది కాదు.

అవును. ఈ కథ మనవాళ్ళకి ఎవరూ చెప్పరు, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

హ్యుందాయ్ మోటార్ పుట్టింది 1967 లో. మరుసటి ఏడు ఉల్సాన్ లో మొదలుపెట్టిన పని ఏంటో తెలుసా? ఫోర్డ్ వాళ్ళ కోర్టినా కారుని విడిభాగాలుగా తెప్పించుకుని బిగించడం. అచ్చం మావాడి మూడు బోల్టుల పనే. డ్రాయింగు ఫోర్డ్ ది, పేరు ఫోర్డ్ ది. ఇంజన్ల తయారీకి ఇద్దరూ కలిసి కంపెనీ పెడదామన్న మాటలు కొన్నేళ్ళు నడిచి చెడిపోయాయి. అప్పుడు హ్యుందాయ్ ఏం చేసిందంటే, బ్రిటిష్ లేలాండ్ లో పెద్ద హోదాలో పనిచేసిన జార్జ్ టర్న్‌బుల్ అనే ఆయన్ని జీతమిచ్చి తెచ్చుకుంది. ఇటలీలో జుజారో చేత కారు ఆకారం గీయించుకుంది. ఇంజను, గేర్‌బాక్సు మిత్సుబిషి నుంచి తీసుకుంది. 1975 చివర్లో పోనీ అనే కారు తయారీ మొదలైంది. తలోచోట నుంచి అతుకులు తెచ్చి కుట్టిన బొంత లాంటి కారే. కానీ ఆ బొంత వాళ్ళది. ఎక్కడ చిరిగిందో, ఎలా కుట్టాలో వాళ్ళే నిర్ణయించుకోవచ్చు.

అక్కడితో ఆగలేదు. ప్రతి ఇంజనుకీ మిత్సుబిషికి రాయల్టీ కట్టాలి. 1984 లో లీ హ్యున్‌సూన్ అనే ఇంజనీరుని అమెరికాలో జనరల్ మోటార్స్ నుంచి వెనక్కి రప్పించి, మాబుక్ అనే చోట పరిశోధనా కేంద్రం పెట్టి, సొంత ఇంజను చెయ్యమన్నారు. మిత్సుబిషి తన విద్య నేర్పనంది. బ్రిటన్ లో రికార్డో అనే సంస్థ సలహా తీసుకున్నారు. మొదటి ఇంజను మొదటి పరీక్షలోనే పగిలి ముక్కలైంది. ఆ తర్వాత వరసగా కొత్తవి చేస్తూపోయారు, అవీ పగులుతూ పోయాయి. డిజైను 288 సార్లు మార్చారు. రెండు వందల ఎనభై ఎనిమిది! మన దగ్గర రెండో స్ప్రింటులో డెమో ఫెయిలైతే ప్రాజెక్టు మూసేసి ఇంకో ఫ్రేంవర్కు పట్టుకుంటాం. 1991 లో ఆ ఆల్ఫా ఇంజను లోకానికి చూపించారు. మూడు బోల్టుల నుంచి సొంత ఇంజను దాకా ఇరవై మూడేళ్ళు.

కియా కథ ఇంకా చిత్రం. 1944 లో సైకిలు భాగాలతో మొదలైంది. 1974 లో మాజ్డా వాళ్ళ కారు ఆధారంగా బ్రీసా చేసింది. 1997 లో దివాలా తీసింది, 98 లో హ్యుందాయ్ చేతికొచ్చింది. ఆ దివాలా కంపెనీ ముందే మనం ఇరవై ఏళ్ళ తర్వాత హారాలు పట్టుకుని నిలబడ్డాం. తప్పు లేదు. దివాలా తీసినా వాళ్ళ దగ్గర ఇంజనీర్లున్నారు, డ్రాయింగులున్నాయి. కంపెనీ మళ్ళీ లేచింది.

ఇక ఈ ముక్క వినండి. 1999 దాకా జపాన్ కార్లు కొరియాలోకి దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు. అంటే 1998 లో శ్రీపెరంబుదూరు దగ్గర నూటికి నూరుశాతం సొంత కంపెనీ పెట్టుకుని హ్యుందాయ్ మనకి శాంత్రో అమ్ముతున్న రోజున, వాళ్ళ దేశంలో టొయోటా అమ్మడానికి లేదు. మనల్ని మాత్రం స్వేచ్ఛా వాణిజ్యం మీద నమ్మకం పెంచుకోమంటారు. నమ్మేశాం.

"అయితే మళ్ళీ లైసెన్సు రాజ్ కావాలా, అంబాసిడర్ ఎక్కుతావా" అని అడిగేవాళ్ళు ఈపాటికి కీబోర్డు దగ్గరికి లాక్కునే ఉంటారు. వద్దు బాబూ. అంబాసిడర్ ఏంటి? మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డ్రాయింగు తెచ్చుకుని, 1950ల నుంచి 2014 దాకా దాన్నే పెళ్ళికూతుర్లా అలంకరించి అమ్ముకున్నాం. రక్షణ ఇచ్చాం, బదులుగా ఏమీ అడగలేదు. కొరియా రక్షణ ఇచ్చి, ఎగుమతి చేసి చూపించమంది. పోటీ లేని గది ఇచ్చి పరీక్ష పెట్టకపోతే పిల్లాడు నిద్రపోతాడు. కొరియా పరీక్ష పెట్టింది. మనం దుప్పటి కప్పాం. 91 తర్వాత దుప్పటి తీసేశాం, పరీక్ష పెట్టడం మాత్రం అప్పుడూ మర్చిపోయాం.

నిజానికి ఒక్కసారి పెట్టాం. మారుతి. 1982 లో సుజుకీకి 26 శాతం వాటా మాత్రమే ఇచ్చి, మిగతాది ప్రభుత్వం దగ్గర ఉంచుకుని, విడిభాగాలు ఏటేటా ఇక్కడే ఎక్కువ చేయించాలని షరతు పెట్టాం. ఆ షరతు వల్లే గుర్‌గావ్ చుట్టూ వందల కంపెనీలు పుట్టాయి. తర్వాత వచ్చిన ప్రతి విదేశీ కంపెనీ ఆ విడిభాగాల వాళ్ళనే వాడుకుంది. కానీ వాటా 40, 50 అయింది, 2002 లో సుజుకీ వెయ్యి కోట్ల ప్రీమియం కట్టి పగ్గాలు తీసుకుంది, 2007 కి ప్రభుత్వం పూర్తిగా బయటికొచ్చేసింది. విడిభాగాలు నేర్చుకున్నాం. పగ్గాలు అమ్ముకున్నాం.

చైనా సంగతి అందరూ ఎత్తుతారు కాబట్టి రెండు మాటలు. 1984 లో షాంఘైలో ఫోక్స్‌వాగన్ అడుగుపెట్టినప్పుడు ఎస్.ఎ.ఐ.సి. అనే ప్రభుత్వ కంపెనీతో కలిసే పెట్టాల్సి వచ్చింది. విదేశీయులకి సగానికి మించి వాటా లేదు. ఈ నిబంధన పూర్తిగా తీసేసింది 2022 లో. దీన్ని మంత్రదండంలా చూపించేవాళ్ళతో నేను ఏకీభవించను. చాలా ప్రభుత్వ కంపెనీలు విదేశీ భాగస్వామి లాభాల్లో వాటా తింటూ హాయిగా కునుకు తీశాయి. నిజంగా ఎదిగింది బి.వై.డి., గీలీ లాంటి ప్రైవేటు కంపెనీలు. అయితే వాటికి తయారుగా ఉన్న ఇంజనీర్లు, విడిభాగాల వాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. ఫలితం చూడండి. 2023 లో అదే ఫోక్స్‌వాగన్, షావుపెంగ్ అనే చైనా కంపెనీలో 70 కోట్ల డాలర్లు పెట్టి 5 శాతం లోపు వాటా కొనుక్కుంది. ఎందుకు? కార్ల సాఫ్ట్‌వేరు, ఎలక్ట్రానిక్స్ వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి. గురువుగారు శిష్యుడింటికి ఫీజు పట్టుకెళ్ళారు.

ఇదే కథకి మన దేశంలో ఓ తోక కూడా ఉంది. గుజరాత్ లో హాలోల్ ఫ్యాక్టరీని జనరల్ మోటార్స్ 2017 లో మూసేసింది. దాన్ని కొన్నదెవరు? ఎస్.ఎ.ఐ.సి. నే. 97 నుంచి షాంఘైలో జనరల్ మోటార్స్ కి భాగస్వామి. ఎం.జి. హెక్టర్ అక్కడి నుంచే 2019 లో వచ్చింది. రెండు దేశాల్లోనూ ఒకే అమెరికా కంపెనీ దుకాణం పెట్టింది. ఒకచోట పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడు, రెండోచోట ఆ దుకాణమే కొనేశాడు. మనం బిల్డింగు ఓనర్లం.

ఫోర్డ్ కూడా అంతే. 95 ప్రాంతంలో వచ్చింది, 2021 సెప్టెంబరు 9 న ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని చెప్పింది. చెన్నై పక్కన మరైమలై నగర్ లో పాతికేళ్ళు పనిచేసినవాళ్ళు గేటు దగ్గర కూర్చున్నారు. ఫోర్డ్ ని తిట్టను. నష్టం వస్తే ఎవడైనా వెళ్తాడు. వెళ్ళేటప్పుడు వాడు సూట్‌కేసులో పెట్టుకుపోయేది డ్రాయింగు. మనకి మిగిలేది షెడ్డు. షెడ్డు ఎంత బాగున్నా అది షెడ్డే.

ఉన్నవాళ్ళు ఏం పట్టుకెళ్తున్నారో కూడా చూద్దాం. 2024 మార్చిలో హ్యుందాయ్ ఇండియా తన మాతృసంస్థకి ఇచ్చిన డివిడెండు 10,782 కోట్లు. ఆ తర్వాత అమ్మకాల మీద రాయల్టీ 3.5 శాతంగా ఖరారైంది. అక్టోబరులో 27,870 కోట్ల పబ్లిక్ ఇష్యూ, అప్పటికి మన దేశంలో అంత పెద్దది లేదు. మన టీముల్లో ఎంతమంది అప్లై చేశారో నాకు తెలుసు, లంచ్ లో వేరే మాటే లేదు. అందులో కొత్త షేరు ఒక్కటి కూడా లేదు. మొత్తం మాతృసంస్థ తన వాటాలో 17.5 శాతం అమ్ముకోవడమే. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా ఇక్కడి కంపెనీ ఖాతాలోకి రాలేదు. అంతా చట్టబద్ధమే, ప్రాస్పెక్టస్ లో రాసే ఉంది. మిత్సుబిషికి రాయల్టీ కట్టలేక ఏడేళ్ళు ఇంజన్లు పగలగొట్టుకున్న కంపెనీ ఇప్పుడు మన దగ్గర రాయల్టీ వసూలు చేస్తోంది. వాళ్ళు పాఠం నేర్చుకున్నారు. మనం షేర్లకి అప్లై చేశాం.

"మనవాళ్ళకి చేతకాదు" అనే మాట ఆఫీసులో కాఫీ మెషిను దగ్గర వారానికి రెండుసార్లు వింటాను. చిత్రం ఏమిటంటే అనేవాడు మన వాడే, ఇంజనీరే. శాంత్రో వచ్చిన 1998 లోనే టాటా ఇండికా వచ్చింది. మొదటి బండ్లు సతాయించాయి, ఒప్పుకుంటాను, మా మామయ్య కొని రెండేళ్ళు ఏడ్చాడు. కానీ సరిదిద్దే హక్కు పుణెలో ఉంది కాబట్టి సరిదిద్దారు. 2002 లో మహీంద్రా స్కార్పియో వచ్చింది. అదే కంపెనీ 2025 ఏప్రిల్ నెల అమ్మకాల్లో హ్యుందాయ్ ని దాటి రెండో స్థానంలో నిలబడింది. విదేశీ కంపెనీలో ఉన్నా సరే, పని అప్పగిస్తే మనవాళ్ళు చేశారు. 2015 లో రెనో క్విడ్ ని జెరార్ డెటూర్బే అనే ఫ్రెంచి ఇంజనీరు చెన్నైలో మకాం పెట్టి, ఇక్కడి ఇంజనీర్లతో, ఇక్కడి విడిభాగాల వాళ్ళతో మొదటి గీత నుంచీ చేయించాడు. 2016 లో మారుతి బ్రెజా మన ఇంజనీర్లు డిజైన్ చేసిందే. అంటే చేతకాకపోవడం కాదు, చెయ్యనివ్వకపోవడం. చెయ్యనివ్వమని అడిగే చోట కూర్చున్నవాళ్ళు అడగకపోవడం.

ఎవరు అడగాలి? ప్రభుత్వాలు. ఎప్పుడు? సంతకం పెట్టే ముందు. తర్వాత అడిగితే అది అడుక్కోవడం అవుతుంది. ప్రస్తుతం మన ఒప్పందాల్లో లెక్కపెట్టేవి పెట్టుబడి ఎన్ని కోట్లు, ఉద్యోగాలు ఎన్ని వేలు, అంతే. 2019 లో రాష్ట్రం 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం కూడా చేసింది. ఏ ఉద్యోగాలు? మూడు బోల్టులవా? కేంద్రం 2024 మార్చిలో ఎలక్ట్రిక్ కార్ల పథకం పెట్టింది, 4,150 కోట్లు పెట్టుబడి పెడితే ఏడాదికి 8,000 కార్లు 15 శాతం సుంకంతో తెచ్చుకోవచ్చని. అందులో దేశీయ విలువ మూడేళ్ళలో 25 శాతం, ఐదేళ్ళలో 50 శాతం ఉండాలన్న షరతుంది, బాగుంది. కానీ ఉక్కు రేకూ విలువే, సీటు గుడ్డా విలువే. నేను అడిగేది వేరే. రాయితీ ఇస్తున్నాం కదా, ఈ దేశంలో అమ్మే బండికి ఈ దేశపు ఎండకీ గుంటలకీ తగ్గట్టు మార్పు చేసే అధికారం ఉన్న ఇంజనీరింగ్ విభాగం ఇక్కడుండాలని రాయించుకోండి. ఫలానా ఏటికి ఒక మోడలు మొదటి గీత నుంచి ఇక్కడ గీయాలని రాయించుకోండి. అచ్చులూ డైలూ ఫలానా వంతు మన జిల్లా కంపెనీలే చెయ్యాలని, అవి నేర్చుకునేదాకా నేర్పాలని రాయించుకోండి. కుర్రాళ్ళని ఏడాదికొక విభాగం మార్చమనండి. కుదరదంటే రాయితీ తగ్గించండి. 2024-25 లో 43 లక్షల కార్లు అమ్ముడైన దేశం ఇది, ప్రపంచంలో మూడో పెద్ద మార్కెట్టు. ఇంత పెద్ద మార్కెట్టు పెట్టుకుని బేరం ఆడలేనివాడు ఇంకెప్పుడు ఆడతాడు? మా ధర్మవరంలో పట్టుచీర కొనడానికి వచ్చే ఆడవాళ్ళని పంపినా ఇంతకంటే మంచి ఒప్పందం తెస్తారు.

కంపెనీలు పక్క రాష్ట్రానికి పోతాయంటారా? నిజమే, పోతాయి. కంపెనీ ఒక చేత్తో అనంతపురం ఫైలు, ఇంకో చేత్తో చెన్నై ఫైలు పట్టుకుని కూర్చుంటే రాష్ట్రాలు ఒకదాని మీద ఒకటి వేలం పాడుకుంటున్నాయి. అందుకే ఈ షరతు ఢిల్లీలో పడాలి, అన్ని రాష్ట్రాలకీ ఒకేలా.

ఇక మన సంగతి. హైదరాబాద్ లో హ్యుందాయ్ కే ఇంజనీరింగ్ సెంటరుంది. బెంగుళూరు, పుణె, చెన్నైలలో ఏ కార్ల కంపెనీ పేరు చెప్పినా దానికో క్యాప్టివ్ సెంటరుంది. వాటిలో వేలమంది తెలుగువాళ్ళం. కార్లో ఇవాళ ఇంజను కంటే సాఫ్ట్‌వేరు గొప్పదంటున్నారు కదా, అది రాసేది మనమే కదా. అయినా నేనెరిగినంతలో మన సంభాషణలన్నీ హైక్ ఎంత, ఆన్‌సైటు ఎప్పుడు, నోటీసు పీరియడు ఎన్నాళ్ళు. నేనూ ఇందులో పుణ్యాత్ముణ్ణేం కాదు. "లోపం కాదు" అని జవాబొచ్చిన రోజు నేను టికెట్టు మూసేసి క్యాంటీన్ కి వెళ్ళి ఇడ్లీ తిన్నాను. మళ్ళీ తెరవలేదు. పోయిన వారం తెరిచాను. ఈసారి అర్జీలో సాఫ్ట్‌వేరు సంగతి తగ్గించి, నల్లటి తెర ఫోటో పక్కన అదే చోట నిలబడిన మా మేనేజరు కూతురి ఫోటో పెట్టాను, ఆయన అనుమతితోనే. జవాబు ఇంకా రాలేదు.

మావాడి కాంట్రాక్టు కాగితం మార్చిలో మళ్ళీ మారాలి. బాలానగర్ లో టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1968 నుంచీ ఉంది, అచ్చులూ డైలూ గీయడం, చెయ్యడం నేర్పుతారు. అక్కడ చేరాలంటే ఈ పని మానెయ్యాలి, నెలనెలా వచ్చేది ఆగిపోతుంది. ఫీజు నేను చూసుకుంటానన్నాను. మిద్దె మీద కూర్చుని ఫోన్లోనే వివరాలన్నీ చూశాం, వాడు మార్కుల లిస్టు కోసం ట్రంకుపెట్టె వెతికాడు. చిన్నాయనకి మాత్రం ఇద్దరం ఇంకా చెప్పలేదు.